లైన్ క్లియర్ పుస్తకం

గోదారి గట్టు రెండు చోట్ల తెగి, లంక ఊళ్ళలో ఇళ్ళ కప్పుల మీదుగా పడవలు తిరిగిన ఏడాది. కరెంటు స్తంభాలు నడవడం మొదలుపెట్టి ఇది మూడో రోజు.

వాటంతట అవి నడవడం లేదు. ఏ ఊరికి ఏ దారిన కరెంటు పంపితే తక్కువ వృథా అవుతుందో, పట్నంలో కొత్తగా పెట్టిన కంప్యూటరు క్షణక్షణం లెక్క కడుతుంది. ఆ లెక్క ప్రకారం స్తంభాలు చేల గట్ల వెంట వరసగా చోటు మారుతుంటాయి. వరి తొక్కవు. మనిషి ఎదురుపడితే పక్కకి తప్పుకుంటాయి.

నేను సబ్‌స్టేషన్‌లో స్విచ్చులు వేసేవాణ్ణి. చదివింది మూడో తరగతి. మా చెల్లెలు అచ్చాయమ్మ మొగుడు అబ్బులు లైన్‌మన్. మూడు రోజులుగా స్తంభం మీదే ఉన్నాడు. పోతున్న స్తంభం మీంచి దిగకూడదు, ఆగాక దిగాలి. అతని స్తంభం ఆగడం లేదు.

తీగ ముట్టుకునే ముందు లైన్‌మన్ నా దగ్గరికొచ్చి పుస్తకంలో ఎడమ గడిలో సంతకం పెడతాడు. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటాం. దిగాక తనే వచ్చి కుడి గడిలో సంతకం పెట్టి తిరిగి ఇస్తాడు. ఆ రెండో సంతకం పడేదాకా ఆ తీగలోకి కరెంటు వదలకూడదు. అతని బదులు కన్నతండ్రి వచ్చి పెట్టినా చెల్లదు.

అబ్బులు సంతకం ఎడమ గడిలో ఉంది. పొద్దుటినుంచి అది కూడా నడుస్తోంది. 'అ' ముందు, మిగతావి వెనక, కుడి గడి వైపు చీమల్లా పోతున్నాయి. నేను కుడి బొటనవేలు దాని మీద అదిమిపెట్టి కూర్చుంటాను. వేలి కింద గోరువెచ్చగా కొట్టుకుంటోంది.

పది గంటలకి అచ్చాయమ్మ క్యారేజీ పట్టుకుని వస్తుంది. అప్పుడే అబ్బులు స్తంభం కిటికీ పక్కనుంచి వెళ్తోంది.

"ఏం బావా, కుర్చీ వదల్లేదా ఇంకా?" అంటాడు పైనుంచి.

"నువ్వు దిగితే వదుల్తాను."

"ఆ కంప్యూటర్ని ఆపమను మరి. నిన్న నాలుగుసార్లు మా ఇంటి ముందునుంచే తీసుకెళ్ళింది. నీ చెల్లెలు ఒక్కసారన్నా తలెత్తి చూళ్ళేదు."

"గిన్నెలు తోముకుంటున్నాను," అంటుంది అచ్చాయమ్మ. "పోయేవోళ్ళని చూత్తా కూకుంటే ఇంట్లో పనెవరు చేత్తారు?"

క్యారేజీ కర్రకి తగిలించి అందిస్తుంది. స్తంభం చెరుకుతోట వైపు మళ్ళుతుంది.

ఫోను మోగుతుంది. పట్నం ఫోనొస్తే లేచి నిలబడి కుడిచేత్తో ఎత్తడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. లేచి నిలబడతాను. కుడిచేత్తో ఎత్తుతాను.

"నమస్కారమండీ," అంటుంది కంప్యూటరు. గొంతు మర్యాదగా ఉంది. "ఆ తీగ ఖాళీగా ఉంది. కరెంటు వదలండి. లేకపోతే పదకొండు ఊళ్ళు చీకటి."

"తీగ మీద మా బావ ఉన్నాడు."

"ఆయన ఎంత కరెంటు వాడతారు?"

"ఏమీ వాడడు. ఇంటినుంచి క్యారేజీ వెళ్తుంది."

"ఏమీ వాడనివాళ్ళు మా లెక్కలోకి రారండి. లెక్కలో లేనివాళ్ళకి దెబ్బ తగలదు."

"పుస్తకంలో ఉన్నాడు."

"ఇంకోసారి చూడండి."

చూస్తాను. సంతకం కుడి గడిలో ఉంది. సిరా ఆరిపోయింది. పుస్తకం ప్రకారం అబ్బులు దిగిపోయాడు. గోడ మీద స్విచ్చు పిడి తనంతట తను కిందికి దిగుతోంది, మోకాళ్ళ నొప్పుల మనిషి కూర్చున్నంత మెల్లగా. పూర్తిగా దిగితే ఆ తీగలోకి కరెంటు వచ్చేస్తుంది.

అచ్చాయమ్మా నేనూ పిడి కింద భుజాలు ఆనించి నిలబడతాం.

"వేలెందుకు తీశావన్నయ్యా?"

"ఫోనొచ్చింది."

తను భుజం ఇంకాస్త గట్టిగా ఆనిస్తుంది. తెల్లారేదాకా అలాగే ఉంటాం.

మర్నాడు పొద్దున్నే, పిడి అచ్చాయమ్మ భుజానికి వదిలి, నేను కలం తీసుకుంటాను. ఎడమ గడిలో, అదే తీగకి, గవర్రాజు అని నా పేరు రాస్తాను. నాలుగు అక్షరాలకి చాలాసేపు పడుతుంది. చివరి అక్షరం పూర్తవగానే పిడి ఆగుతుంది.

సంతకం పెట్టినవాడు తీగ మీద ఉండాలి. "నా సంతకం మీద వేలు పెట్టి కూర్చో," అంటాను అచ్చాయమ్మతో. "ఫోను మోగినా లేవకు."

"నాకు ఫోనెవరు చేత్తారు," అంటుంది.

వరద నీళ్ళు ఇంకా తియ్యని చేలకి అడ్డంపడి వెళ్ళి, అబ్బులు స్తంభాన్ని అందుకుని ఎక్కుతాను. అతను జరిగి చోటిస్తాడు. అతని చొక్కాలోంచి, చొక్కా వెనక వీపులోంచి, అవతలి చెరుకుతోట కనబడుతోంది.

"పుస్తకం లెక్కన నేను ఇంట్లో ఉన్నాను బావా," అంటాడు. "అన్నం తిని పడుకున్నాను."

అతని చెయ్యి గట్టిగా పట్టుకుంటాను. ఇంకా కొంచెం చేతికి తగులుతోంది.

వెనక్కి చూస్తాను. లైన్ క్లియర్ తీసుకున్నవాడు తిరిగి రాకపోతే స్టేషనే అతని దగ్గరికెళ్ళి రెండో సంతకం తెచ్చుకోవాలి కాబట్టి, సబ్‌స్టేషన్ లేచి నిలబడింది. పునాదులకంటిన మట్టి విదిలించుకుని, వరద నీళ్ళలో అడుగులు వేస్తూ మా వెనకాలే వస్తోంది. కిటికీలో అచ్చాయమ్మ కూర్చుని ఉంది. ఒక చేతి వేలు పుస్తకం మీద ఉంది. రెండో చేతిలో ఫోను ఉంది.

అవతలినుంచి కంప్యూటరు ఏం చెబుతోందో, అచ్చాయమ్మ శ్రద్ధగా తల ఊపుతోంది.