రాజుగారి చేతిలో ఇనుప ఊచ

శాంతా బ్రిహిదా ఊళ్ళో మేయర్ని నలుగురిలో వెక్కిరించాలంటే ఏడాది మొత్తానికి ఒక్క పావుగంట ఉంది. గుడ్ ఫ్రైడే నాడు గుడి ముందు మైదానంలో యేసు పాట్ల నాటకం ఆడతారు. అందులో సిపాయిలు ఆయన్ని రాజువని వెక్కిరిస్తూ ముళ్ళ కిరీటం పెట్టే ఘట్టం ఒకటుంది. మిగతా నాటకమంతా తాతల నాటి పద్యాలే, అక్షరం మార్చడానికి వీల్లేదు. ఆ ఒక్క ఘట్టంలో మాత్రం ఎగతాళి సిపాయి నోటికొచ్చింది అనొచ్చు. నీళ్ళు రాని కుళాయి గురించైనా సరే, జీతం తీసుకుని నిద్రపోయే గుమస్తా గురించైనా సరే. ఈస్టరు తెల్లవారాక ఆ మాటలు ఎవరూ ఎత్తకూడదు, ఎవరూ అలగకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు.

ఇరవై రెండేళ్ళుగా ఆ సిపాయి దులో. పూర్తిపేరు తెయోదులో మగ్సొంబోల్, వృత్తి తాపీపని. ఊళ్ళో మర్యాదకు మాంగ్ దులో అంటారు. మనిషి పొట్టి, నాలుక పొడుగు. రోజుకో మనిషిని ఆటపట్టించకపోతే అతనికి అన్నం సయించేది కాదు. యేసు వేషం ఎప్పుడూ రొట్టెల కొట్టు నెస్తోర్ది. సన్నగా, దిగులుగా ఉండేవాడు పాపం, మాటలు పడటానికే పుట్టినట్టు.

ఈ ఏడు నెస్తోర్ని తప్పుకోమన్నారు. మేయర్ క్రిస్పులో బందియోలా యేసు వేషం వేస్తానని మొక్కుకున్నాడట. ఎన్నికలు మే నెలలో. భక్తికీ ఎన్నికలకీ ఏ సంబంధమూ లేదని మేయరే మైకులో చెప్పాడు, ఎవరూ అడక్కుండానే.

ఇక దులో కడుపులో రగులుతున్న సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం మున్సిపాలిటీ సముద్రం ఒడ్డు జనం కోసం తుపాను షెల్టరు కట్టించింది. దాని దూలాలకు ఊచలు కట్టినవాడు దులోనే. పదహారు మిల్లీమీటర్ల ఊచ ఉండాల్సిన చోట పది మిల్లీమీటర్లది దించారు. ఇసుక చూస్తే అందులో గవ్వలున్నాయి, అంటే ఉప్పు సముద్రపు ఇసుకే. దులో అన్నీ చూశాడు. చూసి ఏం చేశాడు? జోకు వేశాడు. "ఒరేయ్, రేపు ఈ కప్పు కింద ఎవరూ తుమ్మకండ్రా!" అన్నాడు. కూలీలు పడీ పడీ నవ్వారు. కాంట్రాక్టరు మేయర్ బావమరిది, వాడూ నవ్వాడు. నవ్వి, ఆ ఊచలే కట్టించాడు.

రెండేళ్ళ క్రితం తుపాను వచ్చింది. రెండొందల మంది షెల్టర్లో తలదాచుకుంటే తెల్లవారుజామున కప్పు కూలింది. పదకొండు మంది పోయారు. అందులో దులో భార్య ఎస్తెలిత ఒకతె. ఆమెను లాగబోతే దూలం ముక్క దులో ఎడమ భుజం మీద పడింది. ఆ చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు.

మూడు రోజుల్లో మేయర్ పంపిన మిషన్లు శిథిలాలన్నీ ఎత్తి సముద్రంలో పోసేశాయి. విచారణకొచ్చినవాళ్ళు గాలి వేగం రాసుకుని వెళ్ళిపోయారు. ఫాదర్ అన్సెల్మో పదకొండు శవపెట్టెల ముందు నిలబడి దైవచిత్తం అన్నాడు. మేయర్ పదకొండు పెట్టెలకూ భుజం పట్టాడు, ఏడ్చాడు కూడా. దులో దగ్గర మిగిలింది ఎస్తెలిత మీద పడ్డ దూలంలోంచి లాగిన మూరన్నర ఊచ ముక్క, వంగి తుప్పు పట్టింది. దాన్ని పట్టుకుని రెండుసార్లు జిల్లా కచేరీకి వెళ్ళాడు. రెండుసార్లూ గేటు దగ్గర కాపలావాడు ఆయుధంతో లోపలికి పోకూడదని ఆపేశాడు. ఎంత న్యాయం చూడండి!

దులో కోరేది ఒక్క మాట. వాళ్ళని చంపింది గాలి కాదు, ఊచ అని మేయర్ నలుగురిలో ఒప్పుకోవాలి. తనే చెప్పొచ్చుగా అంటారేమో, చెప్పాడు. కానీ పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ వేళాకోళమాడేవాడి మాట ఎవరు నమ్ముతారు? పాపం, పెళ్ళాం పోయాక మతి చలించిందన్నారు.

పవిత్ర వారంలో బుధవారం నాడు ఫాదర్ కబురంపాడు.

"మాంగ్ దులో, ఈసారి సిపాయి వేషం ఇంకెవరికైనా ఇద్దామా?"

"ఏం ఫాదర్, నా మీసాలు నచ్చలేదా?"

"వేళాకోళం వద్దు. మేయర్ మన గుడి బిడ్డ. ప్రతి ఆదివారం నా చేత్తో సత్ప్రసాదం తీసుకుంటాడు. తోటి క్రైస్తవుణ్ణి బజార్లో నవ్వులపాలు చేస్తామా? తప్పు చేస్తే ఒంటరిగా కలిసి చెప్పమన్నాడు ప్రభువు."

"చెప్పా ఫాదర్. మూడుసార్లు వెళ్ళా. మొదటిసారి భోజనం పెట్టాడు. రెండోసారి కౌగిలించుకున్నాడు. మూడోసారి నా మనశ్శాంతి కోసం మోకాళ్ళ మీద ప్రార్థన చేశాడు. ఊచ సంగతి తప్ప అన్నీ అయ్యాయి."

ఫాదర్ లేచి కిటికీ తలుపు దగ్గరికి వేశాడు.

"ఏలియా ప్రవక్త వెక్కిరించలేదా ఫాదర్? మీ దేవుడు నిద్రపోతున్నాడేమో, గట్టిగా లేపండని అన్లేదా?"

"అన్నాడు. పరాయి దేవుడి పూజారుల్ని అన్నాడు. మనవాళ్ళని కాదు."

"నా ఏడుపూ అదే! పరాయివాడైతే ఊరు ఎప్పుడో తిరగబడేది. మనవాడు, జపమాల తిప్పుతాడు, గుడికి గంట చేయించాడు, అందుకే ఎవడికీ నోరు పెగలట్లేదు. మనవాణ్ణి మనం కాకపోతే ఎవరంటారు ఫాదర్?"

"నవ్విస్తే నిజం తేలుతుందా? ఆ కప్పు కింద ఒకసారి నవ్వించావుగా."

ఆ జోకు ఊరంతా ఎరిగినదే. అయినా ఫాదర్ నోట వినేసరికి దులో మొహం పాలిపోయింది.

"అందుకే ఫాదర్," అన్నాడు. "ఆ జోకు సగంలో ఆగిపోయింది. పూర్తి చెయ్యాలి."

దులోని మాన్పించడం ఫాదర్ వల్ల కాలేదు. మేయరే అతన్ని ఉండనివ్వమన్నాడు. ప్రభువు పడ్డ మాటలు నేను పడలేనా అన్నాడట.

గురువారం మధ్యాహ్నం దులో పెరట్లో కూర్చుని ఊచకు రెల్లు ఆకులు చుడుతుంటే కూతురు అనలిన్ వచ్చింది. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఆమె రోజూ గుడికెళ్ళి, సిలువ మోసే నల్ల యేసు విగ్రహం పాదాలు రుమాలుతో తుడిచి, ఆ రుమాలుతో తండ్రి భుజం రాస్తుంది. ఆ రుమాలు మీద ఉన్న నమ్మకం ఆమెకు ఏ డాక్టరు మీదా లేదు.

"నాన్నా, ఏంటది? ఊచ ఎందుకు తీశావ్?"

"నాటకంలో రాజుగారి చేతికి రెల్లు కర్ర ఇస్తాంగా. ఈసారి లోపల ఇది ఉంటుంది."

"నీకేమైనా పిచ్చా! సాక్ష్యమంటూ మిగిలింది అదొక్కటే. ఆయన చేతికే ఇస్తావా?"

"ఇచ్చి, అందరి ముందూ అడిగి, మళ్ళీ తీసుకుంటా. ఎక్కడికి పోతుందే? అంత జనంలో దాన్ని చేత్తో పట్టుకున్నాక అబద్ధం ఎలా ఆడతాడు? దేవుడికి భయపడే మనిషే, అది నాకు తెలుసు."

అదీ దులో చేసిన పొరపాటు. మేయర్ది దొంగభక్తి అనుకుని ఉంటే బాగుపడేవాడు.

శుక్రవారం ఎండ మాడ్చేస్తోంది. మైదానం కిటకిటలాడుతోంది. షెల్టర్లో తమవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు ఎప్పటిలాగే ముందు వరసలో నల్లబట్టలతో కూర్చున్నారు. మేయర్ తెల్లటి అంగీతో, ఉత్త కాళ్ళతో వచ్చాడు. ఉపవాసంతో మొహం పీక్కుపోయి ఉంది. దులో అతని తలమీద ముళ్ళ కిరీటం పెట్టి, మోకాళ్ళ మీద పడి, పెద్ద దండం పెట్టాడు.

"రాజాధిరాజా! కిరీటం సరిపోయిందా? కొలతలు మీ బావమరిదే తీశాడా? ఒక సైజు తగ్గినట్టుందే!"

జనం గొల్లుమన్నారు.

"బైబిల్లో తెలివితక్కువవాడు ఇసుక మీద ఇల్లు కడతాడట. మా రాజుగారు అంత తెలివితక్కువవాడా? ఇసుకతోనే కట్టేశాడు!"

ఈసారి నవ్వు మైదానం అటు చివరిదాకా పోయింది. మేయర్ తల వంచుకుని ఉన్నాడు. దులోకు ఒంట్లో బలం వచ్చినట్టయింది. రెల్లు కట్ట తెచ్చి అతని కుడిచేతిలో పెట్టి, చుట్టిన ఆకులు ఒక్కొక్కటే ఊడదీశాడు. తుప్పు పట్టిన ఊచ బయటపడింది.

"రాజన్నాక చేతిలో కర్ర ఉండాలిగా! చూసుకో. మీ షెల్టరు వెన్నెముక ఇది. పదహారు ఉండాల్సిన చోట పది."

నవ్వు ఆగిపోయింది. దులో గొంతు కూడా మారిపోయింది, అందులో సిపాయి లేడు.

"నేనే కట్టాను. కట్టి, నవ్వాను. నా పాపం నేను ఒప్పుకుంటున్నా. దీని కింద పదకొండు మంది పోయారు. నా ఎస్తెలిత పోయింది. చెప్పు క్రిస్పులో, గాలి చంపిందా, ఇది చంపిందా? ఒక్క మాట చెప్పు!"

మేయర్ ఊచ వంక చూశాడు. అదేమిటో అతనికి తెలిసింది. కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి. పెదవులు విడివడ్డాయి.

సరిగ్గా అప్పుడు పక్కన కూర్చున్న ముసలమ్మల బృందం తమ వంతు పద్యం ఎత్తుకుంది. ఎన్నో తరాలుగా ఆ చోట పాడే పద్యమే అది. ఎంత నిందించినా ఆయన బదులు పలకలేదు, బదులు పలకలేదు, అని.

మేయర్ పెదవులు మూసుకున్నాడు. ఊచను గుండెకు హత్తుకుని కళ్ళు పైకెత్తాడు.

ముందు ఒకామె వెక్కింది. తర్వాత వరసలు వరసలుగా ఏడుపు లేచింది. ఎవరిదో చెప్పు వచ్చి దులో ముక్కుకు తగిలింది. "చాల్లేరా పాపాత్ముడా! ఆయన్ని ఇంకెంత ఏడిపిస్తావ్!" అని అరిచింది సిమియోనా. ఇద్దరు మనవరాళ్ళను ఆ కప్పు కిందే పోగొట్టుకున్న మనిషి ఆమె.

దులో ముక్కు పట్టుకుని సిమియోనా వంక చూశాడు. అప్పటికి గాని అతనికి తట్టలేదు. యేసు వేషం కట్టినవాణ్ణి ఎంత వెక్కిరిస్తే అంత యేసు అవుతాడు. రొట్టెలమ్ముకునే నెస్తోర్ని ఇరవై రెండేళ్ళు దేవుణ్ణి చేసింది తన నోరే. ఛీ, ఏ నోరైతే ఉందని మురిసిపోయాడో ఆ నోరే!

నాటకం అయ్యాక తెర వెనక మేయర్ వచ్చి దులోని గట్టిగా వాటేసుకున్నాడు. దులో భుజం తడిసిపోయేలా ఏడ్చాడు.

"మాంగ్ దులో, నీ రుణం తీర్చుకోలేను. రెండేళ్ళుగా నాకు నిద్ర లేదు. ఇవాళ దేవుడు నీ చేత నన్ను కొట్టించాడు. గుండె తేలికైపోయింది."

"అయితే వెళ్ళి ఆ మాట మైకులో చెప్పు," అన్నాడు దులో. "ఊచ చంపిందని చెప్పు."

మేయర్ నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "చెప్పాల్సినవాడికి చెప్పుకున్నాగా. ఆయన క్షమించాడు. ఇంక మనుషులతో పనేముంది?"

"పోనీ, నా ఊచ నాకియ్యి."

"అది ఫాదర్ తీసుకున్నారు. గుడిలో పెడతారట."

సోమవారం దులో బజారుకెళ్ళి చేపలు కొంటూ, ఊచ మాట ఎత్తాడు. చేపలమ్మే ఆమె చెయ్యి అడ్డంపెట్టింది. "ఈస్టరు అయిపోయింది మాంగ్ దులో. నాటకంలో మాట నాటకంతోనే. మన కట్టుబాటు నీకు నేను చెప్పాలా?" అంది మర్యాదగానే. ఎవరి దగ్గర ఎత్తినా అదే జవాబు. అంతకు ముందు పిచ్చివాడి మాట అన్నారు. ఇప్పుడు అసలు అనకూడని మాట అయి కూర్చుంది.

మే నెలలో మేయర్ మునుపటికంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. సముద్రం ఒడ్డు వీధిలో అతనికి వ్యతిరేకంగా ఓటేసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

జూన్‌లో మొదటి వానలు పడ్డాక దులో ఊచ కోసం గుడికి వెళ్ళాడు. నల్ల యేసు పక్కన మేయర్ చేయించిన అద్దాల పెట్టెలో, ఎర్ర పట్టుగుడ్డ మీద ఊచ ఉంది. తుప్పంతా రుద్ది, నూనె రాసి పెట్టారు. చెయ్యి పట్టేంత కంత వదిలారు. ఆడవాళ్ళు వరసగా వచ్చి, ప్రభువు చేతపట్టిన కర్ర అని దాన్ని రుమాళ్ళతో తుడుచుకుని పోతున్నారు. సిమియోనా కూడా వరసలో ఉంది. దులోని చూసి అందరూ పక్కకు జరిగారు, కోపంగా కాదు, గౌరవంగానే. తన చేత్తో ఇచ్చినవాడు గదా, ముందు ఆయన్ని వెళ్ళనివ్వండి అన్నారు.

దులో వెళ్ళలేదు. అద్దాల పెట్టె తెరిచి ఊచ లాక్కుంటే ఎవరికి చూపించాలో అతనికి తెలియలేదు. ఏదైనా ఒక ఎకసెక్కం ఆడదామన్నా నాలుక మీదికి ఒక్కటీ రాలేదు.

వరస ముందునుంచి అనలిన్ వచ్చింది. ఆమె అక్కడుందని అతనికి తెలియదు. చేతిలో రుమాలు ఉంది, నూనె మరక ఇంకా తడిగానే ఉంది.

"కదలకు నాన్నా," అంది. చొక్కా బొత్తాం విప్పి, ఆ రుమాలుతో అతని ఎడమ భుజం మెల్లగా రాసింది. సరిగ్గా దూలం పడ్డ చోటే రాసింది, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, ఎంతో నమ్మకంగా. వెనకనున్న ఆడవాళ్ళు సిలువ గుర్తు వేసుకున్నారు.

"కొంచెమైనా తగ్గిందా నాన్నా?"

ఆ పిల్ల మొహంలోకి చూశాడు దులో. రెండేళ్ళ తర్వాత ఆ మొహంలో ఆశ కనిపించింది.

"తగ్గిందమ్మా," అన్నాడు.