తెర మీద రెండు గుట్టలు

అయినా అంత చిన్నది, కంటికి ఆననిది, దానికెలా తెలిసింది? వసారాలో గోనెపట్టా మీద కూర్చుని, తన గ్లాసును బూడిదతో తోముకుంటూ అలివేలు హైదరాబాదు ల్యాబు నుంచి వచ్చిన ఈ మూడు రోజులుగా ఇదే ఆలోచిస్తోంది. ఈ నెల ఆమె బయట కూర్చుని ఇది తొమ్మిదో రోజు. పెద్దమందడిలో మిగతా ఆడవాళ్లకు మూడు రోజులైతే, ఆమెకు పన్నెండో పదిహేనో. పెళ్లయిన పద్నాలుగేళ్లలో దాదాపు సగం ఈ వసారాలోనే, ఈ విడి గ్లాసుతోనే గడిచిపోయింది. పొయ్యి ముట్టకూడదు. బట్టలుతకడానికి, పల్లీలు ఒలవడానికి, పేడ ఎత్తడానికి మాత్రం ఏ మైలా అడ్డురాలేదు.

"మా అన్న బిడ్డవని తెచ్చుకుంటే నా నడుము ఇరుగుతుంది. ఒళ్లు వంగక నెత్తురు సాకు" అనేది మేనత్త జానకమ్మ. అత్తగారూ ఆమే.

బిందె అంచు తగిలినా చేతుల మీద నీలి మచ్చలు లేచేవి. "నేను కొట్టిననని ఊరంత అనుకుంటుండ్రు. పొడుగు చేతుల జాకెట్లు కుట్టిచ్చుకో" అన్నాడు ఆమె మొగుడు నిరంజన్. నొస్తుందా అని అడగలేదు. మే నెల ఎండలో కూడా మణికట్టు దాకా గుడ్డ కప్పుకుని అలివేలు తన మొగుడి పరువు మోసింది.

పోయిన నెల పన్ను పీకిస్తే రెండు రోజులు నెత్తురు ఆగలేదు. వనపర్తి సర్కారు దవాఖానలో ఒక డాక్టరమ్మ ఆ చేతుల గుడ్డ పైకి జరిపి చూసింది. "ఎప్పటి నుంచి?" అని అడిగి, హైదరాబాదుకు రాసిచ్చింది. అప్పటికే ఒక నర్సింగ్ హోంలో గర్భసంచి తీయించడానికి ఈ సోమవారం ఖాయమైంది. "తీసేపిస్తే నెలకు ముప్పై దినాలు పొయ్యికాడ ఉంటది" అన్నది జానకమ్మ.

హైదరాబాదు ల్యాబులో రూతమ్మ అనే, తమ దిక్కు పెబ్బేరు పిల్ల ఆమె నెత్తురు తీసింది. పక్కన పెట్టి పోల్చడానికి తన నెత్తురూ తీయించుకుంది.

"ఆమె నెత్తురుతోని మనకు పోలికేంది?" అని గొణిగాడు నిరంజన్.

"మంచిగున్నది ఎట్లుంటదో తెల్వాలె గద సార్" అని నవ్వి, రూతమ్మ రెండు గొట్టాల్లోనూ ఒక్కో చుక్క వేసింది. "ఇది మోనోక్లోనల్ యాంటీబాడీ అక్కా. అన్నీ ఒక్క కణం పిల్లలు, అన్నిటికి ఒక్కటే చూపు. గాయమైతే నెత్తుర్ల ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకొని గండి మూస్తయి. అవి పట్టుకునే చెయ్యి ఒక ప్రొటీను. గా చెయ్యి దొరికితేనే ఇది అతుక్కుంటది, మెరుస్తది."

గొట్టాలు యంత్రంలో పెట్టగానే తెర మీద రూతమ్మ నెత్తురు కుడివైపున, వెలుగు దిక్కున, గుట్టలా లేచింది. అలివేలు గుట్ట ఎడమ అంచునే, చీకటి దిక్కునే నిలబడిపోయింది.

"నీ ప్లేట్‌లెట్లు లెక్కకు మస్తుగున్నయక్కా. వాటికి చేతులే లేవు."

అలివేలు తెర వైపు ముందుకు వంగింది. సంతలో వెయ్యి గొర్రెల మధ్య తన పిల్లనే వెతికే తల్లిలా, ఆ చుక్క ఒక్కొక్క కణం దగ్గరా ఆగి చూసింది. దొరకనిదాన్ని దొరికిందనలేదు. ముప్పై రెండేళ్లలో ఆమెను ఇంత ఓపికగా వెతికిన వాళ్లు లేరు. లేదు అన్న జవాబు దండం పెట్టాలనిపించేంత గొప్పగా ఉంటుందని ఆమెకు ఇంతకు ముందు తెలియదు.

"పుట్టుకతో వచ్చింది. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం" అన్నారు పెద్ద డాక్టరు. "తెలియక కోస్తే నెత్తురు ఆగదు, ప్రాణం పోతుంది. మందులతో అదుపు చేద్దాం."

నిరంజన్ డాక్టరు రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వాళ్లు గట్లనే బెదిరిస్తరు. సోమారం అంటే సోమారమే." చొక్కా ఉతికేది ఆమే కాబట్టి ఆ కాగితం ఆమె చేతికే వచ్చింది. ఇప్పుడది ఆమె బొడ్లో ఉంది.

"ఏమే, గ్లాసు తోముడు ఇంక అయితలేదా?" లోపలి నుంచి జానకమ్మ కేకేసింది. "రేపే సోమారం, చీరలు సర్దుకో."

"నేను వస్తలేనత్తా."

"మరి గా నెత్తురు?"

"అది గర్భసంచి తప్పు గాదు. సగం మా అమ్మ ఇచ్చింది, సగం మా నాయిన. అంటే నీ పుట్టింటిదే."

అలివేలు జాకెట్టు చేతులు మోచేతుల పైకి మడిచింది. తడి గ్లాసు పట్టుకుని, తొమ్మిదో రోజున గడప దాటి, వంటింటి అరలో అందరి గ్లాసుల మధ్య బోర్లించింది.