వడ్లగింజంత తేడా

నేను ఒక ఇనప ఏనుగుని. డబ్బులు దాచుకునే హుండీని. తొండంలో నాణెం పెట్టి తోక లాగారంటే, తొండం ఎత్తి దాన్ని వీపు మీది చీలికలో పడేస్తాను. నా వయసు నూట ముప్ఫై ఏళ్లని ఎవరైనా చెప్పొచ్చు. నమ్మకండి. నేను పుట్టింది మొన్న వేసవిలో, గుంటూరులో ఒక ఫౌండ్రీలో.

అసలు ఏనుగు వేరే ఉంది. అది నర్సు సుగుణమణిది. ఆమె నాయనమ్మ దీనమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసే రోజుల్లో అమెరికా దొరసాని ఇచ్చి వెళ్లిందట. దాని తోక స్ప్రింగు తెగితే సుగుణమణి వీరభద్రాచారికి ఇచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో తాళం చెడినా, కుట్టుమిషను మొరాయించినా బాగుచేసేది ఆయనే. ఆమె ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. ఆ ఏనుగు మీద పాత వస్తువులు కొనే ఒక హైదరాబాదు వ్యాపారి కన్ను పడింది. ఇంకేముంది! ఆచారి అసలుదాన్ని ఇసకలో అదిమి అచ్చు తీశాడు, ఇనుము పోయించి నన్ను తయారుచేశాడు. ఉప్పూ చింతపండు పులుసూ పూసి పెంటలో పాతిపెట్టాడు. ఛీ, ఏం కంపు! తుప్పయితే పట్టింది గానీ, ఎర్రగా పచ్చిగా పట్టింది. పాత తుప్పు నల్లబారి ఉంటుంది. నా ఒళ్లు గరుకు. రెండు సగాలు కలిసేచోట గోరు దూరుతుంది. ఇవన్నీ చూసేదెవరు? మనుషులు రంగు చూస్తారు, కథ వింటారు, అంతే.

సుగుణమణీ ఆ బాపతే అనుకున్నాను. బాగైందని ఆచారి చేతిలో పెడితే నన్ను తీసుకెళ్లి అలమారా అరలో పెట్టింది. అక్కడే దొరికిపోయాను. నిరుడు రంగులేసిన పెయింటరు బద్ధకించి, ఏనుగుని ఎత్తకుండా దాని చుట్టూ ఆకుపచ్చ పూసి పోయాడు. దాని అడుగు మేర చెక్క అలాగే మిగిలింది. నన్ను ఒక అంచుకి ఆనిస్తే రెండో వైపు వడ్లగింజ పట్టేంత చెక్క బయటపడింది. కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది మరి. అసలుదాని నుంచి అచ్చు తీసిన నకలు దానికన్నా చిన్నదే అవుతుంది.

సుగుణమణి ఆ సందుని వేలితో తడిమి చూసింది. వెంటనే ఆచారిని పిలిపించింది.

"బాబాయ్, ఏందిది?"

"పాత ఇనుం గదమ్మా, అరిగిద్ది."

"నూరేళ్లు అరగంది నీ కొట్లో వారానికే అరిగిందా?"

ఆచారి కుర్చీలో కూలబడ్డాడు. "అసలుది కొట్లోనే ఉందమ్మా. ఆ హైదరాబాదాయన ఆదివారం వస్తానన్నాడు. బుద్ధి గడ్డితింది."

గంటలో తువ్వాలులో చుట్టి తెచ్చాడు. అరలో పెడితే చెక్క ఇంత కూడా కనపడలేదు. సుగుణమణి దాన్ని ఒళ్లో పెట్టుకుని బావురుమంది. తర్వాత కళ్లు తుడుచుకుని నన్ను బోర్లించింది.

"దీని కడుపు మీద నీ పేరూ, ఈ సంవత్సరమూ చెక్కు. నీ చేత్తోనే."

ఆయన సంచిలోంచి ఉలి తీశాడు. చెక్కాడు. ఇక నన్నెవరూ అనుమానించనక్కర్లేదు. నాకూ ఎవరితోనూ నాటకాలాడే పని లేదు. నిజం చెప్పొద్దూ, ప్రాణం హాయిగా ఉంది.

ఆచారి ఉలి సంచిలో వేసుకుని లేచాడు. "వస్తానమ్మా, సుగుణా."

"మంచిదండీ, ఆచారిగారూ," అంది ఆమె.

ఆయన గుమ్మంలో ఆగాడు. తలొంచుకుని చెప్పులు వేసుకున్నాడు.