సిగ్గుపడిన కాగితం

చెంచమ్మ పెద్దమ్మ రెండు చేతులతో కళ్లు మూసుకొని బ్లీచింగు తొట్టి పక్కన కూలబడింది. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ముఖాన కొడుతున్నారు. మేనేజరు నరేంద్రబాబు ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకొని, కాగితం ముక్కను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"ఇంకా తెల్లగా రాలేదు. యాసిడ్ పొయ్యండి," అన్నాడు.

మా మిల్లు చిల్లకూరు దగ్గర, హైవే పక్కన ఉంది. పాత కాగితాన్ని నానబెట్టి, రుబ్బి, తెల్లబరిచి నోటుపుస్తకాలకు పంపుతారు. బ్లీచింగు నీళ్లలో యాసిడ్ పోస్తే తెలుపు తొందరగా వస్తుంది. కళ్లను కాల్చే విషవాయువూ వస్తుంది. ఆ తెల్లటి పేజీ మీద రాసుకునే విద్యార్థులకు ఈ సంగతి తెలియాలి. నేను ల్యాబులో కెమిస్టును. తొట్టికి మూత పెట్టించండి, ఫ్యాను వేయించండి అని మేనేజరుకు ముందే చెప్పాను. "కొత్త పెళ్లికూతురివి, నీకెందుకమ్మా," అని నవ్వాడు.

గూడూరు ఆసుపత్రిలో పెద్దమ్మ కళ్లకు కట్టు కట్టారు. చూపు వస్తుందో రాదో చెప్పలేమన్నారు. సాయంత్రానికి మేనేజరు కబురు వచ్చింది. ఇంట్లో నూనె చిట్లిందని డాక్టరుకు చెప్పాలి, లేకుంటే షెడ్డులో ఎవరికీ పని లేదు.

మరునాడు అన్నాల వేళ తుక్కులోంచి రంగు కాగితాలు ఏరి పారేసే షెడ్డులో అందరం కూడాం. రుబ్బే తొట్టి నడిపే సుశీల్, మా ఆయనే, "సమ్మె చేద్దాం," అన్నాడు.

"నువ్వు మిల్లు మనిషివన్నా. మేం కాంట్రాక్టోళ్లం," అంది ఫ్లోరా. "మేం గేటు దాటితే చాలు, వేరేవాళ్లని లారీలో దించతాడు."

"అయితే నూనె అని చెప్పేదా?" ఎలిశబెతక్క లేచింది. "రేపు నీ కళ్లు పోతే ఏం చిట్లిందని చెప్తావు మే?"

అక్క విసురుగా కూర్చుంటూ తుక్కులోంచి ఎర్ర కార్డొకటి లాగింది.

"అబిగయీలూ, ఇది నీ పెళ్లి కార్డే. అప్పుడే తుక్కులోకి వచ్చేసినారే మొగుడూ పెళ్లామూ."

షెడ్డంతా నవ్వింది. సుశీల్ చెవులు ఎర్రబడ్డాయి. పక్కపక్కన మా పేర్లు ఇంకా బంగారంలా మెరుస్తున్నాయి. అంత కోపంలోనూ నా మనసు గంతేసింది.

"దీన్ని ఏరకుండా తొట్టిలోకి వదిలేస్తే?" అన్నాను.

"కాగితం కూడా నీ మాదిరే సిగ్గుపడతాది," అంది ఫ్లోరా. అని, ఆగిపోయింది. అందరి చూపూ ఒకేసారి మూలకు పోయింది. ఏరి పారేసిన ఎర్ర కార్డులు అక్కడ గుట్టగా ఉన్నాయి.

మర్నాడు ఎవరూ గేటు దాటి బయటికి పోలేదు. అందరూ పనిచేశారు. మిషను చివర కాగితం గులాబీ రంగులో దిగింది.

"యాసిడ్ పొయ్యండి!" మేనేజరు అరిచాడు.

సుశీల్ చేతులు కట్టుకున్నాడు. "మీరే పొయ్యండి సార్. కర్చీఫు ఉండాది కదా."

నరేంద్రబాబు తొట్టి దాకా వెళ్లాడు. దగ్గుతూ వెనక్కొచ్చి పోలీసులకు ఫోన్ చేశాడు.

"రంగు కలిపింది ఎవరు?" అన్నాడు జీపు దిగిన ఎస్సై.

"నేనే సార్, నా పెళ్లి కార్డు," అంది ఎలిశబెతక్క. ఆమె పెళ్లినాటికి నేను పుట్టనే లేదు.

"నాది సార్," అంది పెళ్లే కాని ఫ్లోరా. "నాది," "నాది," అన్నారు షెడ్డులో వాళ్లంతా. చివరికి నేనూ అన్నాను. నాదొక్కటే నిజం.

"అందర్నీ ఎక్కించండి," అన్నాడు ఎస్సై. జీపు పట్టలేదు. అంతలో గేటు దగ్గర ఆటో ఆగి చెంచమ్మ పెద్దమ్మ దిగింది, కళ్ల కట్టుతోనే.

"నూనె కాదు, కళ్లు మిల్లులోనే పోయినాయని డాక్టరుకు చెప్పేసొచ్చినా. కార్డుల సంగతి ఎలిశబెతు రాత్రే చెప్పింది. ఏ రంగొచ్చింది మే?"

కాగితం ఆమె చేతిలో పెట్టాను. "ఎర్రగా వచ్చింది పెద్దమ్మా."

ఆమె దాన్ని మడిచి రొంటిన దోపుకుంది. "జీపెందుకు? స్టేషనుకు నడుద్దాం పదండి. ఎవరన్నా నా చెయ్యి పట్టుకోండి."

నేను పట్టుకున్నాను. నా చెయ్యి ఫ్లోరా పట్టుకుంది. హైవే మీద లారీలు ఆగిపోయాయి.