బంద్ రోజు చిట్టీ పాట

2011లో ఒక తెలంగాణ బంద్ రోజు పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో లాఠీఛార్జి జరిగింది. డిగ్రీ చదివే సాయినాథ్ తల పగిలింది. తోటివాళ్లు అతన్ని మోటారుసైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టి చంపాపేట్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లారు. పుర్రె లోపల రక్తం గడ్డకట్టిందని, సాయంత్రంలోగా ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు. కౌంటర్లో లక్షన్నర కట్టమన్నారు.

సాయినాథ్ తండ్రి అంతయ్య నల్లగొండ వైపు నుంచి వచ్చి ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. అతని చేతిలో డబ్బు లేదు. కూడబెట్టిందాంట్లో కొంత పెద్ద అంబర్‌పేట్ దగ్గర ప్లాటులో ఉంది. మిగతాది త్రినాథరావు చిట్టీలో ఉంది.

త్రినాథరావు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోని తన ఇంట్లోనే రెండు లక్షల చిట్టీ నడిపేవాడు. ప్రతినెలా పాట అయ్యాక సభ్యులకు టీ ఇచ్చి, ఇంటి లెక్క ఎలా వేసుకోవాలో చెప్పేవాడు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా ఉంచండి, దాన్ని ముట్టుకోకండి, చిట్టీలూ ప్లాట్లూ ఆ తర్వాతే అనేవాడు. అంతయ్య ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు.

“చిట్టీ ఉంది గద సార్. అవసరం పడ్డనాడు ఎత్తుకుంట.”

“అవసరం పడ్డనాడు పాట జరగాలి కదయ్యా.”

చిట్టీలో తమకు రావాల్సిన మొత్తంలోంచి ఎవరు ఎక్కువ కోతకు ఒప్పుకుంటే ఆ నెల డబ్బు వాళ్లకు పోతుంది. ఆ బేరాన్నే పాట అంటారు. సభ్యుల్లో సగం మందైనా కూర్చోకపోతే పాట ఉండదు. ఆ నెల పాట బంద్ రోజునే పడింది. అంతయ్య అందరికీ ఫోన్లు చేశాడు. సగం మంది సందుల్లోంచి నడుచుకుంటూ వచ్చారు.

వంశీకృష్ణ కూడా వచ్చాడు. అతనిది గుంటూరు వైపు. మెయిన్ రోడ్డు మీద మొబైల్ షాపు ఉంది. పొద్దున ఊరేగింపులోంచి వచ్చిన రాళ్లకు షాపు అద్దాలు పగిలాయి. గాజు గీసుకున్న మోచేతికి కట్టు కట్టుకుని వచ్చాడు. అతనికీ ఈ నెల డబ్బు కావాలి.

పాట మొదలుపెట్టకముందే పోలీసులు మెట్లెక్కారు.

“ఏం మీటింగ్ ఇది?” అన్నాడు ఎస్సై.

తలుపు దగ్గర అంతయ్య ఉన్నాడు. “మీటింగ్ గాదు సార్. పాట ఉంది.”

ఆ రోజుల్లో పాట అంటే పోలీసులకు ఒకటే అర్థం, ఉద్యమం పాట. పాటెత్తుకుంటే జనం చేరేవారు. మొదటి దెబ్బ అంతయ్య కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గదిలో వినిపించింది. “చిట్టీ పాటండీ” అంటున్న త్రినాథరావు చెంప మీద కొట్టారు. కళ్లజోడు ఊడి బూటు కింద నలిగింది. “నేను ఆంధ్రావాణ్ణండీ” అన్నాడు వంశీకృష్ణ. అతనికి రెండు దెబ్బలు ఎక్కువ పడ్డాయి. ఒకతన్ని మెట్ల మీద కాళ్లు పట్టి లాగారు. అతని రక్తం మూడు మెట్ల మీద అంటింది. అందరినీ వ్యాన్ ఎక్కించి లాకప్‌లో పెట్టారు.

మధ్యాహ్నం త్రినాథరావు భార్య నాగేశ్వరి ఊచల దగ్గరికి వచ్చింది.

“డబ్బు ఇంట్లోనే ఉందిగా. ఆస్పత్రికి ఇచ్చెయ్యనా?”

“పాట కాకుండా ఎలా ఇస్తావే? అందరి డబ్బు అది.” త్రినాథరావు వెనక్కి తిరిగి మనుషులను చూశాడు. “సగం మందిమి ఇక్కడే ఉన్నాం. కానిద్దాం.”

“మళ్ల పాట అన్నవంటే దవడ పలుగుతది,” అన్నాడు బయట కానిస్టేబుల్. అక్కణ్ణించి గొంతులు తగ్గించారు.

“ఇరవై వేలు,” అన్నాడు అంతయ్య.

“ముప్ఫై,” అన్నాడు వంశీకృష్ణ.

“నలభై.”

కోత నలభై పోను, త్రినాథరావు కమీషన్ పది పోను, మిగిలేది లక్షన్నర. ఆపైన ఒక్క వెయ్యి పెరిగినా ఆపరేషన్‌కు చాలదు. అది గదిలో అందరికీ తెలుసు.

“నా అద్దాలు పగలగొట్టిందెవరంటావ్?” అన్నాడు వంశీకృష్ణ.

“నాకేం తెల్సు తమ్మీ. మావోడు ఉండొచ్చు.”

“ఉండొచ్చా?”

“లేకపోవచ్చు గూడ. లేస్తే అడుగుదాం.”

“నలభై, ఒకటోసారి,” అన్నాడు త్రినాథరావు. వంశీకృష్ణ గోడ వైపు చూస్తున్నాడు. “నలభై, రెండోసారి.”

“బాలాపూర్ గణపతి లడ్డూ వేలమా సార్ గిది? జల్ది కానియ్యి,” అన్నారెవరో మూల నుంచి.

“మూడోసారి. ఎత్తుకున్నాక మిగతా వాయిదాలు కట్టకపోతే ఎవరో ఒకరు పూచీ ఉండాలి. జామీను ఎవరు?”

“జామీను రేపు కోర్టుల,” అన్నాడు కానిస్టేబుల్. “గమ్మునుండుండ్రి.”

వంశీకృష్ణ నాగేశ్వరి దగ్గర పెన్నూ కాగితమూ అడిగాడు.

“నేనుంటాను బాబాయ్.”

“నువ్వెందుకు తమ్మీ?” అన్నాడు అంతయ్య.

“మీవాడు బతకాలి. బతికితేనే కదా అద్దాల డబ్బు అడిగేది.”

అంతయ్య కుడిచెయ్యి వాచిపోయింది. వంశీకృష్ణ సంతకం కింద ఎడమచేతి వేలిముద్ర వేశాడు. ముద్రకు సిరా లేదు. దెబ్బకు చిట్లిన కనుబొమ్మ మీది రక్తం అద్దుకున్నాడు. నాగేశ్వరి ఆ కాగితం తీసుకుని ఇంటికి, అక్కడ డబ్బు తీసుకుని చంపాపేట్‌కు నడిచింది. ఆ రోజు ఆటోలు లేవు.

సాయినాథ్ రెండు రోజుల తర్వాత కళ్లు తెరిచాడు. మాట రావడానికి ఇంకో వారం పట్టింది. వంశీకృష్ణ అద్దాల బిల్లు తీసుకుని వచ్చాడు.

“రాయి నువ్వేశావా?”

సాయినాథ్ తల మీది కట్టు తడుముకున్నాడు. “యాదికి లేదన్నా.”

ఆ రోజుది ఏదీ అతనికి గుర్తు లేదు. అంతయ్య కట్టు లేని చేత్తో బిల్లు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇస్త తమ్మీ. జర ఆగు. ముందుగాల గా ఆర్నెల్ల ఖర్చు పక్కకు పెట్టనియ్యి.”