నాగలి తగలని మడి

మిరపకోతల లారీ అంటే లక్మేకు పాముకన్నా భయం. మూడేళ్ల కింద ఆ లారీయే ఆమె పెద్దకొడుకు జోగాను కూలికి ఎక్కించుకుపోయింది. తిరుగుదారిలో చర్ల దగ్గర బోల్తా పడితే, కింద నలిగినవాడిని గోనెపట్టాలో చుట్టి గొల్లపల్లి రోడ్డు మీద దించి వెళ్లారు. మొహం చూడనివ్వలేదు. చెయ్యి ఒకటి బయటికి జారితే, దాని మీది పచ్చబొట్టు చూసి కొడుకని ఒప్పుకుంది. అప్పటినుంచి ఇంట్లో ఎవరు గడప దాటినా కడసారి చూపు చూసినట్టే చూస్తుంది.

మిగిలింది చిన్నవాడు బుధ్రాం. ఊళ్లో వరి ఒక్కటే పంట. కోతలయ్యాక పని ఉండదు, తిండి వేసవి దాకా రాదు. అందుకే అతనూ ఏటా అదే లారీ ఎక్కుతున్నాడు.

"ఇంకో పంట నిలబెట్టి చూపిస్త. అప్పుడన్నా ఇంటికాడ ఉంటవారా?" అని అడిగింది లక్మే, వరి పొట్ట మీద ఉండగా.

"ఎడ్లేవి అవ్వా? నువ్వూ నేనూ మోస్తమా కాడి?"

"ఎడ్లు లేకున్నా పండిస్త. పండితే లారీ ఎక్కనని మాటియ్యి."

బుధ్రాం నవ్వాడు. "పండితే ఎక్క. పండకుంటే మాత్రం నువ్వు దారికి అడ్డం పడుకోవద్దు."

లక్మే పుట్టిల్లు గీదం దగ్గర. అక్కడ నిలిచి ఉన్న వరిలోనే ఆవాలు చల్లుతారు. ఉతేరా అంటారు. చిన్నప్పుడు తల్లి వెనక నడిచి తనూ చల్లింది. వరి కోతకు రెండు వారాలుందనగా వాగు పక్కనున్న పల్లపు మడిలోకి దిగి చూసింది. నీళ్లు తీసేశారు గాని నేల ఇంకా మెత్తగా ఉంది, మడమ దిగుతోంది. సొరబుర్రలో దాచిన ఆవాలను పొయ్యి బూడిదలో కలిపింది. అట్లా కలిపితే సన్నగింజ ఒకేచోట కుప్పపడదు. కోడలు, బుధ్రాం పెళ్లాం సుమిత్ర ఒక గట్టు నుంచి, తను ఒక గట్టు నుంచి చల్లుకుంటూ వచ్చారు.

"అత్తా, దున్నకుండ, ఎరువు ఎయ్యకుండ పంటంట! ఇదేదో పెండ్లి కాకుండ పిల్లను కన్నట్టుంది," అంది సుమిత్ర.

"నోరుముయ్యవే. ముందు పుట్టనియ్యి."

పుట్టింది. వరి కోసేటప్పుడు మోకాలెత్తు మోడు వదిలేశారు. ఆ మోళ్ల నీడలో తడి ఆరలేదు, కలుపు లేవలేదు. ఎరువు బస్తా మొహం చూడని మడిలో ఆవమొక్క జానెడైంది, మూరెడైంది. మొగ్గలు తొడిగి, అక్కడక్కడ పసుపు రేకులు విప్పింది. బుధ్రాం రోజూ వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. లారీ మేస్త్రి కబురు పెడితే, చూస్తానన్నాడే తప్ప వస్తాననలేదు. లక్మేకు ఆ మాటతో కడుపు నిండింది.

అయితే ఊరికో కట్టుబాటుంది. కొత్త గింజ తినే కొత్తల పండుగ అయ్యాక పశువుల మెడతాళ్లు విప్పేస్తారు. తొలివాన దాకా వాటికి ఏ మడైనా బీడే. నాగటిచాలు పడిన నేలను మాత్రం ముట్టకూడదు. చాలు కనిపిస్తే కాపరి మందను మళ్లించాలి. ముప్పై ఏళ్లు ఆ ఊళ్లో కాపురం చేసిన లక్మేకు ఇది తెలియనిది కాదు. దున్నకుండా పండిస్తున్నానన్న సంబరంలో, ఊరి కళ్లు చూసేది మొక్కను కాదని, చాలునని మరిచిపోయింది.

పండుగైన మర్నాడే ఆమె ఊరిపెద్ద పటేల్ ఇంటి ముందు నిలబడింది. రాంబాబు అప్పటికే అక్కడున్నాడు. లక్మే చనిపోయిన భర్తకు అన్నకొడుకు అతను. ఊళ్లో పెద్దమంద అతనిదే, దుక్కిటెడ్లున్నదీ అతనికే.

"పటేల్, నా మడి పూతకొచ్చింది. గొడ్లు దిగకుండ జెప్పు."

"పూత గడ్డికీ వస్తది లక్మే. చాలేది?"

రాంబాబు బీడీ ఆర్పాడు. "నా గొడ్లు బడికి పోలే చిన్నమ్మా. చాలుంటే ఆగుతయి, లేకుంటే మేస్తయి. నేనేం జెప్పాలె వాటికి?"

"చుట్టూ ఒక్క చాలు గీయించు," అన్నాడు పటేల్. "ఆ తర్వాత ఎవని గొడ్డు దిగినా దండుగ నేనేయిస్త."

లక్మే రాంబాబు వైపు తిరిగింది. "ఒక్క పూట ఎడ్లియ్యి బిడ్డా."

"మొన్న నీ కొడుకు నా బోడెద్దును రాయితో కొట్టిండు. కన్ను వాచింది. అది నీ మడి దున్నుతదా? ముందు వాణ్ని వచ్చి తప్పయిందనమను."

బుధ్రాం చావనైనా చస్తాడు గాని ఆ మాట అనడు. లక్మే ఇంటికి వచ్చి కొడవలి తీసుకుంది. కోడలూ తనూ రేగుకంప కొట్టుకొచ్చి మడి చుట్టూ కంచె వేశారు. చేతులు చీరుకుపోయాయి.

కంప ఎన్నాళ్లు ఆపుతుంది? ఒకరోజు పొద్దెక్కేసరికి బోడెద్దు కంచె తొక్కుకుని లోపల పడింది. లక్మే వాగులో ఉంది. సుమిత్ర కేక విని, కుండ వదిలేసి పరుగెత్తింది. ఆమె వచ్చేసరికే బుధ్రాం గొడ్డలి ఎత్తాడు. దెబ్బ ఎద్దు వెనక కాలికి తగిలి నరం తెగింది. ఎద్దు కూలబడి, ముందుకాళ్ల మీద ఈడ్చుకుంటూ, మోళ్లను నెత్తురుతో తడుపుతూ అరిచింది.

ఆ అరుపుకు రాంబాబు వచ్చాడు. వెంట బామ్మర్ది, మందలోని తక్కిన గొడ్లు. రాంబాబు చేతిలో దుడ్డుకర్ర ఉంది. అడ్డం వచ్చిన సుమిత్ర మూతి మీద దాంతో కొట్టాడు. పళ్లు రాలిన నోటిని రెండు చేతులా మూసుకుని ఆమె చేలో కూర్చుండిపోయింది.

"ఆడదాన్ని కొడ్తవారా!" బుధ్రాం మీద పడ్డాడు.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని దొర్లారు. వాళ్ల కింద ఆవమొక్కలు పటపట విరిగాయి. బామ్మర్ది బుధ్రాం వీపు మీద తన్నాడు, పక్కటెముక విరిగిన చప్పుడు గట్టు మీదికి వినిపించింది. బుధ్రాం తిరిగి గొడ్డలి వెనకవైపుతో వాడి మోకాలు పగలగొట్టాడు. రాంబాబు బుధ్రాం చెవి కొరికాడు. బుధ్రాం అతని దవడ చీల్చాడు. చివరికి రాంబాబు వెల్లకిలా పడ్డాడు. బుధ్రాం అతని ఛాతీ మీద మోకాలు పెట్టాడు, గొడ్డలి పైకి లేచింది.

"వద్దురా! నీ కాళ్లు మొక్కుత!" లక్మే కొడుకు చెయ్యి పట్టుకుంది. ఒక్క విదిలింపుకు అంత దూరంలో పడింది.

"ఈ చేను నీ చేతులార ఏసింది అవ్వా! దీన్ని ముట్టినోణ్ని బతకనియ్య!" అన్నాడు బుధ్రాం. కళ్లు ఆమెను చూడటం లేదు.

ఈ చేను ఎందుకు వేసింది తను? వీడు కళ్ల ముందు ఉండాలని. ఆ గొడ్డలి దిగితే వీడు జగదల్పూర్ జైల్లో ఉంటాడు. లారీ ఎక్కినవాడు తిరిగొచ్చినా రావచ్చు.

లక్మే లేచి కంచె దగ్గరికి పరుగెత్తింది. కంపను వట్టి చేతులతో పట్టి లాగేసింది. ముళ్లు అరచేతుల్లో విరిగాయి. "హోయ్! రాండే! మెయ్యండే! మొత్తం మేసి పోండే!" అని మందను అదిలించి, తనే తోలింది. ఆవులు, దూడలు, కోడెలు బిలబిలమంటూ పచ్చటి చేలోకి దిగాయి. పెనుగులాడుతున్న మనుషుల మీదికి వచ్చి, చుట్టూ తిరిగి, తలలు వంచి మేయడం మొదలుపెట్టాయి.

బుధ్రాం తల తిప్పి చూశాడు. గొడ్డలి అట్లాగే గాలిలో ఉంది. తల్లి చేతుల నుంచి నెత్తురు కారుతోంది, ఆమె ఇంకో దూడను లోపలికి నెడుతోంది.

"నీ కోసమే కదా అవ్వా కొట్లాడిన," అన్నాడు. చంటిపిల్లవాడి గొంతులా ఉంది అది. "నువ్వే మేపినవా?"

గొడ్డలిని వాగులోకి విసిరేసి వెళ్లిపోయాడు.

ఎద్దు మరి లేవలేదు. పటేల్ ఎద్దు కాలికీ సుమిత్ర పళ్లకూ చెల్లుకు చెల్లన్నాడు, రాజీకని పంది కోయించి కల్లు పోయించాడు. ఆ విందుకు బుధ్రాం ఆగలేదు. విరిగిన పక్కటెముకకు గుడ్డ కట్టుకుని మిరపకోతల లారీ ఎక్కాడు. లక్మే దారికి అడ్డం పడుకోలేదు. మాట మాటే. లారీ వెనక ధూళి అణిగేదాకా చూసింది. వాడు తల్లి వైపు ఒక్కసారీ తిరగలేదు.

చేను వైపు పోవడం ఆమె మానేసింది. ఒకరోజు సుమిత్రే వచ్చి, వాచిన పెదాలతో, "అత్తా, ఒకపాలి రా," అంది.

గొడ్లు పైమొగ్గలే తిన్నాయి. తొక్కుడు పడినచోట మొక్క పోయింది గాని, తక్కిన చోటల్లా కొన తెగిన కాండం పక్కల నుంచి మూడేసి, నాలుగేసి కొమ్మలు వేసింది. ప్రతి కొమ్మకూ మొగ్గలున్నాయి. లక్మే ఒక కొమ్మను పట్టుకుని మొగ్గలు లెక్కపెట్టింది.

తర్వాత ఇంటికి వెళ్లి అటకమీది పాత నాగలిని దించింది. కాడి మెడకు మోపుకొని సుమిత్ర ముందు లాగింది, మేడి పట్టి లక్మే వెనక నొక్కింది. అడుగడుక్కీ ఆగారు. చాలు పాములా వంకర్లు పోయింది.

మడి నాలుగో మూల మిగిలి ఉండగా రాంబాబు మంద వచ్చింది. దవడకు కుట్లున్న రాంబాబు గట్టు మీద నిలబడి ఆ ఇద్దరు ఆడవాళ్లనూ చూశాడు. వంగి రాయి తీశాడు. సుమిత్ర కాడి కింద బిగుసుకుపోయింది.

రాయి లక్మే చెవి పక్కనుంచి దూసుకుపోయి, చాలు మీదికి మూతి చాచిన ఆవు కొమ్ముకు తగిలింది. మంద వెనక్కి మళ్లింది. రాంబాబు దాని వెంట పోయాడు.

"లాగు పిల్లా," అంది లక్మే. ఆమె కళ్లు మాత్రం లారీ పోయిన రోడ్డు మీదే ఉన్నాయి.