ఆపింది చప్పుడే

వ్యాను కీచుమనడం వానలు వెళ్ళాక మొదలైంది. మొదట్లో పొద్దుటి పూట మాత్రమే, అదీ వేగం తగ్గించినప్పుడు. తరువాత మలుపుల్లో. ఆ తరువాత బ్రేకు మీద ఎక్కడ కాలు పెట్టినా, గాజు మీద మేకుతో గీసినట్టు, సన్నగా, పొడుగ్గా.

ఇంట్లో బండి పనంతా అతనిదే. ఆదివారం పొద్దున్నే పాత చొక్కా తొడుక్కుని బానెట్ ఎత్తేవాడు. ఇంజను ఆయిల్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేవాడు. టైర్లలో గాలి కొలిచేవాడు. ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి గోడకు తట్టి దుమ్ము దులిపేవాడు. మెకానిక్ దగ్గరికి వెళ్ళడం ఎప్పుడో మానేశాడు. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ అతన్ని పలకరించేవారు కాదు. మనుషుల మధ్య మాట తడబడే అతనికి బానెట్ కింద ఏదీ తడబడేది కాదు. ఉద్యోగం కూడా అలాంటిదే. నీటి సరఫరా కేంద్రంలో పంపుల గది. మీటరు ముల్లు ఎంత చూపిస్తే అంత రాయాలి. ఎర్రగీత దాటితే పైవాళ్ళకు ఫోను చేయాలి. ఇన్నేళ్ళలో ఒక్క అంకె కూడా అటూ ఇటూ చేయలేదతను. ముల్లు ఏం చూపించినా అందులో తన తప్పేమీ ఉండదు కాబట్టి అది తేలికేనని ఎప్పుడూ అనుకోలేదు. నిజాయితీ తన స్వభావం అనుకున్నాడు.

పై వాటాలో బావమరిది ఉంటాడు. సోఫాల షాపులో పని. నోరు ఊరుకోదు.

“నీ బండికి హారన్ దండగ బావా, పీకి పారేయ్. వీధి మొదట్లో ఉండగానే తెలిసిపోతోంది. మా అమ్మ గుమ్మంలోకి వచ్చేస్తోంది, అల్లుడుగారొచ్చారని.”

“నేనెందుకొస్తాను?” అంది అత్తగారు కూరగాయలు తరుగుతూ. “పాలవాడి సైకిలనుకున్నాను.”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే తన నవ్వు మిగతావాళ్ళకంటే కాస్త ముందుగా ఆగిపోవడం గమనించాడు.

ఆ వారంలోనే ఒకరోజు కూతురు, స్కూలు ఇంకా కనబడకముందే, వెనక సీట్లోంచి ముందుకు వంగింది.

“నాన్నా, నన్ను ఆ మందుల షాపు దగ్గర దించెయ్.”

“స్కూలు ఇంకా అవతల కదమ్మా.”

“ఊరికే. నడుస్తాను.”

కారణం అతనికి తెలుసు, ముందురోజు చూశాడు. గేటు ముందు వ్యాను ఆగగానే ఆమె క్లాసు పిల్లలు ఇద్దరు చెవులు మూసుకున్నారు. ఒకడు గొంతు సన్నం చేసి ఆ చప్పుడు అచ్చంగా చేశాడు. కూతురు దిగకుండా సంచీలో ఏదో వెతుకుతున్నట్టు కూర్చుంది. అద్దంలో ఆమె చెవులు ఎర్రబడటం కనిపించింది. ఆ ఎరుపు అతనిది. చిన్నప్పటి నుంచీ ఎవరైనా నవ్వితే ముందు తన చెవులే కాలేవి. ఎవరికీ ఇవ్వకూడదనుకున్న ఆస్తిని తెలియకుండానే పిల్లకు రాసిచ్చేసినట్టు అనిపించింది.

ఆదివారం జాకీ పెట్టి ముందు చక్రం విప్పాడు. బ్రేకు డిస్కును రెండు వైపులా పట్టుకునే ప్యాడ్లు అరిగి, గోరంత మందం మిగిలాయి. ప్యాడు అంచున ఒక చిన్న రేకు ఉంటుంది. ప్యాడు బాగా అరిగాక ఆ రేకు డిస్కుకు తగిలి అరుస్తుంది. అరవడానికే దాన్ని పెట్టారు. ఇదంతా అతనికి తెలుసు. కొత్త ప్యాడ్లు కావాలని కూడా తెలుసు. స్పేర్ పార్టుల షాపు ఆ రోజు మూసి ఉంది. మర్నాడు పొద్దున్న స్కూలు ఉంది.

పట్టకారు తీసి రేకును వెనక్కి వంచాడు. చాలా తేలిగ్గా వంగింది. రెండో వైపు కూడా వంచాడు. అవతలి చక్రం దగ్గరా అంతే. ఒక్క వారమే కదా అనుకున్నాడు. డాష్‌బోర్డు మీద బ్రేకు దీపం అప్పుడప్పుడు వెలుగుతోందని గుర్తొచ్చి బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాడు. ప్యాడ్లు అరిగిన కొద్దీ అందులో ఆయిల్ కిందికి దిగుతుంది. నిండా పోశాడు. దీపం ఆరిపోయింది.

సోమవారం వ్యాను స్కూలు గేటు ముందు పిల్లిలా ఆగింది. కూతురు దిగి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చెయ్యూపింది. ఎప్పుడూ ఊపదు.

“ఏం మందు పెట్టావు బావా? నోరు పడిపోయింది దానికి,” అన్నాడు బావమరిది సాయంత్రం.

“చిన్న పనే.”

“చిన్న పనేనట. వినవే అక్కా, మీ ఆయన వినయం.”

“మెకానిక్ దగ్గరికెళితే వారం తిప్పించేవాడు,” అంది భార్య. ఆమె గొంతులో గర్వం అతని చెవికి కొత్తగా ఉంది. చిన్న పని అన్నది నిజమే. నిజాలతోనే ఎంత అబద్ధం కట్టవచ్చో ఆ రాత్రి అన్నం తింటూ అర్థమైంది. చెయ్యి కడుక్కునేసరికి ఆ అర్థమైనదాన్ని ఎక్కడో పెట్టేశాడు.

వారం గడిచింది. ప్యాడ్లు తేలేదు. తెస్తే వాటి అట్టపెట్టె ఇంట్లోకి రావాలి. చక్రాలు మళ్ళీ విప్పాలి. మొన్ననే బాగుచేశావు కదా, మళ్ళీ ఏంటని ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ లేనప్పుడు చేద్దామంటే ఆ ఇంట్లో ఎవరూ లేని రోజంటూ ఉండదు. ఉంటే గింటే వాళ్ళంతా వ్యానులోనే వెళ్ళి ఉంటారు. వ్యాను తనే నడిపినన్నాళ్ళు మెల్లగా, ముందు బండికి దూరంగా నడిపాడు. అలా నడపడం ఒక ప్రాయశ్చిత్తంలా, పని సగం చేసేసినట్టుగా ఉండేది.

అప్పుడు కొండ మీది ప్రయాణం వచ్చింది. భార్యకు అక్క ఉంది. కొండ మీద ఇల్లు కొనుక్కుంది. బావమరిది భార్య సర్దడానికి సాయంగా ముందే వెళ్ళింది. శనివారం మిగతావాళ్ళు వెళ్ళాలి. భార్య, కూతురు, అత్తగారు, బావమరిది కవల పిల్లలు. అతనికి షిఫ్టు. బావమరిదికి షాపు. బండి భార్య నడుపుతుంది. ఎక్కడం సరే. దిగేటప్పుడు ఆ రోడ్డు పొడవునా బ్రేకు మీద కాలు ఉండాల్సిందే.

“బస్సులో వెళ్ళకూడదా?” అన్నాడు శుక్రవారం.

“ఏడు సీట్ల బండి గుమ్మంలో పెట్టుకుని, అమ్మ మోకాళ్ళతో బస్సా?”

“పై వారం నేను తీసుకెళతాను.”

“నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదని చెప్పండి, సరిపోతుంది,” అంది ఆమె నవ్వుతూనే.

చెప్పాల్సిన చోటు అదే. నోరు తెరిచాడు కూడా. “జాగ్రత్తగా వెళ్ళు” అన్నది బయటికొచ్చింది. చెప్పడానికి అడ్డుపడుతున్నది భయం అయితే బాగుండేది, భయానికి ఒక పరువుంటుంది. అడ్డుపడుతున్నది కూతురు ఊపిన ఆ చెయ్యి, భార్య గొంతులోని ఆ గర్వం. వాటిని తిరిగి ఇచ్చేయడం ఇష్టం లేదు. ఐదుగురి ప్రాణాలు ఒకవైపు, ఇది ఒకవైపు. ఇలా పక్కపక్కన పెట్టి చూసుకున్నా అతని మనసు గబుక్కున ఇటో అటో మొగ్గలేదు. అది చూసి తన మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం పొద్దున్న అద్దాలు తుడిచే నెపంతో బయటికెళ్ళి, బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ ఒకటి వదులు చేశాడు. బండి కదలదు, ప్రయాణం ఆగిపోతుంది, ఎవరూ ఏమీ తెలుసుకోరు. పని అయ్యాక బానెట్‌ను చప్పుడు కాకుండా దించి, అరచేత్తో నొక్కాడు. ఎంతో శుభ్రంగా చేశాడు ఆ పని.

కవలల సీట్లు బిగించారు. నీళ్ళ సీసాలు, దిండ్లు సర్దారు. అత్తగారు కిటికీ పక్కన కుదురుగా కూర్చుంది. భార్య తాళం తిప్పింది. బండి ఉలకలేదు, పలకలేదు.

“అయ్యో,” అన్నాడతను. తన గొంతు తనకే నాటకంలా వినబడింది. “ఇవాళ్టికి వద్దులే. సాయంత్రం వచ్చి చూస్తాను.”

బావమరిది అప్పుడే మెట్లు దిగి వస్తున్నాడు.

“ఆగాగు. ఇది నా నిర్వాకమే అయ్యుంటుంది. మొన్న స్పీకర్లు పెట్టినప్పుడు నేనే కెలికాను.” బానెట్ ఎత్తి తల దూర్చాడు. “చెప్పానా? తీగ వదులైపోయింది.”

“ఒరేయ్, నీకెందుకురా అవన్నీ?” అంది భార్య దిగకుండానే. “ఆయన ముట్టుకున్న బండి ఏనాడైనా ఆగిందా? సోఫాలు అమ్ముకోక.”

“సరే, తప్పయింది. సారీ బావా, నీ బండి జోలికి ఇంక రానులే.”

అతను “పర్లేదు” అన్నాడు. తప్పు చేయని మనిషిని క్షమించాడు.

ఈసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. కొత్త స్పీకర్లలో పిల్లల పాట మొదలైంది. వ్యాను వెనక్కి, గేటు వాలులోకి దొర్లింది. రోడ్డు అంచున భార్య బ్రేకు తొక్కింది. ఎర్ర దీపాలు వెలిగాయి. వ్యాను మెత్తగా ఆగింది, చిన్న చప్పుడైనా లేదు. కూతురు వెనక కిటికీలోంచి అతన్నే చూస్తోంది. అరవాల్సిన రేకు ఆ పిల్ల ఎక్కిన బండి చక్రంలో అరవకుండా ఉంది, దాని నోరు తనే వంచాడు. కాళ్ళు వాటంతటవే కదిలాయి. వెళ్ళి డ్రైవరు వైపు అద్దం మీద చెయ్యి వేశాడు.

“ఏమిటండీ? ఏమైనా మర్చిపోయామా?”

“దిగండి. బ్రేకులు అయిపోయాయి.”

“అదేంటి, మొన్నేగా బాగుచేశారు?”

“బాగుచేయలేదు. చప్పుడు ఆపాను. అంతే.”

భార్య ఇంజను ఆపింది. పాట ఇంకా వస్తోంది. దాన్నీ ఆపింది.

“అంటే మీకు తెలుసా?”

“తెలుసు.”

“నేను స్కూలు దగ్గర దించొద్దన్నాననా?” కూతురు వెనక నుంచి అడిగింది.

“కాదు,” అన్నాడు. మరీ తొందరగా అన్నాడు. కూతురు సంచీ ఒళ్ళోకి లాక్కుని దాని జిప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. ఏ ఎరుపు ఆమె చెవుల మీద చూడలేక ఇదంతా చేశాడో అది ఇప్పుడు మొహమంతా పాకింది.

“పోనీలే అమ్మాయ్,” అంది అత్తగారు. “బయల్దేరకముందే చెప్పారు, అదే పదివేలు. అలా ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు?”

ఆ మాట వెచ్చగా తగిలింది. మరుక్షణం అతను ఉలిక్కిపడ్డాడు. తనలో ఏదో అప్పుడే చెయ్యి చాచి ఆ మెప్పును అందుకుంటోంది. మొదటి మెప్పును ఎలా అందుకుందో అలాగే. ఇది కూడా జేబులో వేసుకుని, నిజం చెప్పిన మనిషిగా ఇంట్లోకి నడిచివెళ్ళవచ్చు. ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

భార్య స్టీరింగు వైపే చూస్తోంది. “ఇంకేమైనా ఉందా?”

“బ్రేకు దీపం వెలిగింది. ఆయిల్ పోసి ఆర్పేశాను.”

“ఇంకా?”

“వదిలెయ్ అక్కా,” అన్నాడు బావమరిది. “నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ తీగ సంగతి...”

“తీగ నువ్వు కాదు,” అన్నాడతను. “పొద్దున్న నేనే వదులు చేశాను. మీరు వెళ్ళకుండా.”

బావమరిది మొహం మీద నవ్వు ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే నిలబడ్డాడు.

“ఇందాక నేను తిట్లు తింటుంటే పక్కనే ఉన్నావుగా బావా.” జోకులాగే మొదలుపెట్టాడు కానీ చివరికి అది జోకు కాలేదు. “నాకొక్కడికి చెబితే సరిపోయేది. ఇద్దరం కలిసి మార్చేసేవాళ్ళం.”

నిజమే. చెప్పగలిగిన మనుషులు ప్రపంచమంతా ఉన్నారు. నవ్వే ఈ ఒక్కడికి తప్ప ఎవరికైనా చెప్పేవాడేమో. ఆ నవ్వులో ఇన్నాళ్ళూ తను విన్న ఎగతాళి ఎంత, తను కలుపుకున్నది ఎంత, ఇప్పుడు విడదీయడం చేతకాలేదు.

భార్య అరవలేదు. అరిస్తే తేలికయ్యేదని ఆమెకూ తెలుసేమో. ఫోను తీసి అద్దె కారుకు చెప్పింది. కవలల సీట్లు విప్పి, గోడ పక్కన పెట్టింది. కారు వచ్చాక అత్తగారిని చెయ్యి పట్టి ఎక్కించింది. అతను దిండ్లు అందించబోతే, “నేను పెట్టుకుంటాలెండి” అంది. మాటలో కోపం లేదు. పరాయి మనిషితో మాట్లాడే మర్యాద ఉంది.

కూతురు అతని పక్కనుంచే వెళ్ళింది. మొహం ఎత్తకుండా, “షిఫ్టుకు లేటవుతుంది నాన్నా,” అంది.

కారు వెళ్ళిపోయింది. బావమరిది షాపుకు వెళ్ళిపోతాడనుకున్నాడు. కానీ బావమరిది చొక్కా చేతులు మడుచుకుని, డిక్కీలోంచి జాకీ తెచ్చి, ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నట్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. చక్రం లాగి గోడకు ఆనించాడు. లోపలికి వంగి ప్యాడు చూశాడు, వంచిన రేకు మీద వేలు పెట్టి చూశాడు. అతను బావమరిది వెనకాల నిలబడి ఎదురుచూస్తున్నాడు. ఏదో ఒకటి అంటాడు, సోఫాకీ దీనికీ పోలికేదో తెస్తాడు, అంటే నవ్వొచ్చు. బావమరిది వేలికంటిన మసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“జరుగు బావా,” అన్నాడు. “వెలుతురుకు అడ్డమొస్తున్నావు.”

అతను జరిగాడు.